ముందు ఆమె మాట చెప్పు

నేను విజయవాడకు వెళ్ళింది ఉపన్యాసం ఇవ్వడానికి. తిరిగొచ్చింది ఇంకొకామె చెప్పులు వేసుకుని. ఉపన్యాసంలో ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తు లేదు. చెప్పులు మాత్రం ధర్మవరంలో మా ఇంటి గడప పక్కన ఇప్పటికీ ఉన్నాయి. నీలం రంగు రబ్బరు చెప్పులు, నా కాళ్ళకు ఒక సైజు పెద్దవి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఎవరివని అడుగుతున్నారు. అందరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

పటమటలో

నేను మా జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచర్ని. విజయవాడలో భాషా ఉపాధ్యాయుల సదస్సు పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. 'భాషా బోధన ద్వారా శాంతి, న్యాయం' అన్నది విషయం. వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ, దాని మీద తెల్ల పావురం, పావురం ముక్కున పలక. ఆ పావురం కింద నిలబడి, పేదపిల్లలకు నాలుగు భాషలు నేర్పితే వాళ్ళ మాటకు విలువ వస్తుందని, విలువ వస్తే న్యాయం జరుగుతుందని, న్యాయం జరిగితే శాంతి దానంతటదే వస్తుందని చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు. శాంతి గురించి పొద్దుటి నుంచీ విన్న జనం మధ్యాహ్నం గులాబ్‌జామ్ గిన్నె దగ్గర ఒకరినొకరు తోసుకున్న తీరు చూసి నాకు నవ్వాగలేదు. నేనూ తోశాననుకోండి.

సభకు ఇందుమతి వచ్చింది. బి.ఎడ్. చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలోనే ఉండేది. వాళ్ళది తరాల నుంచీ డెల్టాలో స్థిరపడ్డ కుటుంబం. తాతల కాలంలో పొలాలు, ఇప్పుడు ఇంటినిండా టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. ఇందుమతి మాత్రం వినపడని పిల్లల బడిలో చేరి, సైగల భాషలో పాఠాలు చెబుతూ అక్కడే ఉండిపోయింది. ఆమె మాట్లాడేటప్పుడు నోటి కన్నా ముందు చేతులు కదులుతాయి.

"బాగా మాట్లాడావు పద్మా," అంది పటమటలో వాళ్ళింటికి తీసుకెళ్తూ. "కానీ నీ ఉపన్యాసంలో ఎప్పుడూ లేనివాళ్ళే నేర్చుకోవాలి. ఉన్నవాళ్ళు ఊరికే కూర్చుంటారు. ఉన్నవాళ్ళు నేర్చుకునే బడి ఒకటి చూస్తావా?"

"యాడుందే అట్లాంటి బడి?"

"సముద్రం ఒడ్డున. శని ఆదివారాలు నేనే వెళ్ళి చెబుతున్నాను. రేపు రా."

మర్నాడు నాకు తిరుగు ప్రయాణం టికెట్టుంది. దాన్ని రద్దు చేయించింది ఇందుమతి మాటలు కావు, పొద్దున్నే వాళ్ళ వీధి చివర తిన్న పెసరట్టు. ఉప్మా నింపి, అల్లప్పచ్చడితో డెబ్బై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు ఇద్దరం బొరుగుల ఒగ్గాణి, బజ్జీలు తిని టీ కూడా తాగొచ్చు. ధర విని మొహం ముడుచుకున్నాను గానీ, "ఇంకోటి వెయ్యమంటారాండీ?" అని హోటలాయన వంగి అడిగితే వద్దనలేకపోయాను. మా వైపు "ఇంకొకటి ఏయల్లనా?" అంటారు, వద్దంటే వద్దు. ఈ 'అండీ' ఉంది చూశారూ, అది కడుపులో చోటు లేకపోయినా చోటు చేయిస్తుంది. రెండోదీ తిన్నాను. అంత తిన్నాక ఎక్కడికి రమ్మన్నా వెళ్ళాల్సిందే కదా.

చల్లపల్లి దాకా

ఉయ్యూరు దాటాక బస్సు కిటికీలోంచి చూస్తుంటే నాకు మొదట సంతోషం, తర్వాత అసూయ, ఆ తర్వాత ఒళ్ళుమంట. ఎటు చూసినా కాలవలే. వరి కోసిన చేలల్లో దున్నకుండానే మినుము చల్లేశారట, అది తివాచీ పరిచినట్టు పచ్చగా లేచి ఉంది. మా తమ్ముడు నాలుగు బోర్లు వేయించి నాలుగింట్లోనూ దుమ్ము చూశాడు. ఇక్కడ గట్టు మీద ఒకాయన కాలవ నీళ్ళతో తీరిగ్గా గేదెను రుద్దుతున్నాడు. ఆ గేదెకున్న అదృష్టం మా మండలంలో ఎవరికీ లేదు.

చల్లపల్లిలో బస్సు ఆగింది. పాత జమీందారుల కోట ఉన్న ఊరని విన్నాను కాబట్టి, ఐదు నిమిషాలని కండక్టరు అన్నాడు కాబట్టి, గోడైనా చూసొద్దామని దిగాను. దారిలో చక్కెరకేళి అరటిపళ్ళు కనబడ్డాయి. బేరమాడాను. నేను పళ్ళతో తిరిగొచ్చేసరికి బస్సు కదులుతోంది, మెట్టు మీద ఇందుమతి నిలబడి రెండు చేతులూ చాపి ఆపుతోంది.

"మీ ఒక్కరి కోసం బస్సంతా ఆగిందండీ," అన్నాడు కండక్టరు. "పెద్దవాళ్ళు, మీరే ఇలా చేస్తే ఎలాగండీ? కాస్త చూసుకోవాలి కదండీ."

తిట్టే అది, నిఖార్సయిన తిట్టు. అయినా మూడు అండీలు వేసి ఇచ్చేసరికి ఏడవాలో నవ్వాలో తెలియక ఆయనకో అరటిపండు ఇచ్చాను. తీసుకున్నాడు.

మళ్ళీ కూర్చున్నాక ఇందుమతి ఆ ఊరి సంగతి చెప్పింది. ఊరి పేరు రాయవద్దన్నారు, రాయను. సముద్రం మీదా నది పాయల మీదా చేపలు పట్టుకుని బతికే పల్లె. పట్టిన చేపలో కొంత పచ్చిగా అమ్ముతారు, మిగతాది ఆడవాళ్ళు ఇసుకలో ఎండబెట్టి ఊరూరా తిరిగి అమ్ముతారు. ఎండబెట్టడానికి ఇంటికొక చోటు. ఏటా మాఘ పున్నమి తిరనాళ్ళు అయ్యాక ఆ చోట్లు పంచుకుంటారు. ముందురోజు పొద్దున ఆటోకు మైకు కట్టి వీధులన్నీ చాటుతారు. పంపకానికి రానివాళ్ళ చోటు పక్కవాళ్ళకు పోతుంది. అలా వరసగా రెండు పంపకాల్లో పక్కవాళ్ళకే పోతే ఇక అది శాశ్వతంగా వాళ్ళదే.

"ఆ ఊళ్ళో నాంచారి అని ఒకమ్మాయి," అంది ఇందుమతి. "పుట్టు చెవుడు. నేను బందరు బడిలో పనిచేసినప్పుడు నా దగ్గరే చదివింది. మొగుడు కొండలు మంచివాడు, వాడికి సైగలు వచ్చు. అప్పట్లో ఊళ్ళో ఇంకెవరికీ రావు. పోయినేడు వాడు వేటకెళ్ళి ఉండగా మైకు చాటింపు వచ్చింది. ఆ పిల్లకెలా వినపడుతుంది? మెరక మీదున్న మంచి చోటు పోయింది."

"మరి పెద్దమనుషులకు చెప్పుకోవచ్చు కదా?"

"అక్కడే ఉంది చిక్కు. ఆ ఊరికో కట్టుబాటుంది. నీ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే నువ్వు వెంటనే జవాబు చెప్పకూడదు. ముందు వాళ్ళ మాటను నువ్వే తిరిగి చెప్పాలి, ఏదీ వదలకుండా. వాళ్ళు 'అంతే' అంటేనే నీ జవాబు మొదలు."

నాకు ఆ కట్టుబాటు అమాంతం నచ్చేసింది. మా స్టాఫ్‌రూములో అమలు చేస్తే సగం గొడవలు మొదలవకుండానే పోతాయి, మిగతా సగంలో తిరిగి చెప్పలేక అలిసిపోతాం.

"బాగుంది కదా? కానీ నాంచారి చేతుల్తో చెప్పినదాన్ని ఎదుటివాళ్ళు తిరిగి చెప్పలేరు. తిరిగి చెప్పలేని ఫిర్యాదును సభ తీసుకోదు. మొగుడు చెబితే చెల్లదు, వాడు ఆమె పక్షం. ఎవరూ చెడ్డగా చెయ్యలేదు పద్మా. అందరూ పద్ధతి ప్రకారమే చేశారు, ఆ పిల్ల మాట ఏడాది పాటు బయటే నిలబడిపోయింది. ఈ ఆదివారం సభ. మంగళవారం పంపకం. ఈసారి కూడా వినకపోతే చోటు మరి రాదు."

"ఎదుటి పక్షం ఎవరు?"

"అది తర్వాత చెబుతాను. నీ మొహం అద్దం. ఇప్పుడే చెబితే ఊరంతా చదివేస్తుంది."

పాయ దాటాక

పాయ మీద పంటు. పడవల మీద బల్లలు పరిచి, వాటి మీద మనుషుల్నీ మోటారు సైకిళ్ళనూ మేకల్నీ ఎక్కించి దాటిస్తారు. మనిషికి పది రూపాయలు, మేకకు ఎంతో అడగడం మర్చిపోయాను. ఇంత నీటిని దగ్గర్నుంచి చూడడం అలవాటు లేక మధ్యలో నిలబడి ఒక మేకను పట్టుకున్నాను.

దిగేటప్పుడు కాలు పక్కకు పెట్టాను. బురద నా ఎడమ చెప్పును మింగేసింది. వంగి చెయ్యి పెట్టి వెతికితే మోచేతి దాకా బురదే గానీ చెప్పు లేదు. పంటులో నా వెనకే ఖాళీ గంపలతో వచ్చిన ఒకావిడ పడీపడీ నవ్వింది. నవ్వడం అయ్యాక తన చెప్పులు విప్పి నా ముందు పెట్టింది.

"వేసుకోండి మేడంగారూ. దారంతా గవ్వ పెంకులు, కోసుకుపోతాయి. మా కాళ్ళకి అలవాటేనండీ."

నేను మొహమాటపడుతుంటే నా కాలు పట్టుకుని తనే తొడిగేసేలా ఉంది, అందుకని వేసుకున్నాను. ఆమె పేరు తిరపతమ్మ. నలభై దాటి ఉంటుంది. పల్లె దాకా ఒక్క క్షణం నోరు మూస్తే ఒట్టు. ఏ సంతలో ఎండు నెత్తళ్ళు ఎంతకి పోయాయో, ఏ ఊరి ఆడవాళ్ళు తూకం దగ్గర పేచీ పెడతారో, కొడుకు ఫోను ఎలా పాయలో పడేశాడో అన్నీ చెప్పింది. ఇందుమతిని "టీచరమ్మగారూ" అంటోంది, మధ్యమధ్య ఆమెతో చేతుల్తో కూడా మాట్లాడుతోంది. మధ్యాహ్నం మమ్మల్ని వాళ్ళింట్లోనే తినమంది.

వంకాయ, ఎండు రొయ్యలు వేసిన కూర. సావిళ్ళ చేపల పులుసు. నిజం చెప్పాలంటే గుమ్మంలో ఆ వాసనకు నా ప్రాణం ఇంటికెళ్ళిపోయింది. మొదటి ముద్ద ఊపిరి బిగబట్టి తిన్నాను. రెండోది వాసన చూసి తిన్నాను. తర్వాత ఎన్ని తిన్నానో అడగకండి.

"మీ ఊళ్ళో చేపలు దొరకవాండీ?" అంది వడ్డిస్తూ.

"మా ఊళ్ళో నీళ్ళే దొరకవమ్మా."

తిరపతమ్మ నవ్వబోయి ఆగింది. "మాకూ అంతేనండీ. ఎటు చూసినా నీళ్ళే, గొంతులోకి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. ఊరి కుళాయి రోజు విడిచి రోజు వస్తది. దాని దగ్గరే మా కాపరాలన్నీ."

బస్సులో నేను పడ్డ అసూయ అక్కడితో సర్దుకుంది. నీళ్ళ మధ్య కూర్చున్నవాళ్ళకూ నీళ్ళ బాధే. ఆమె మీద నాకు చాలా ఇష్టం పుట్టింది.

షెల్టర్ మేడ మీద

బడి తుఫాను షెల్టర్ పైఅంతస్తులో. గాలివానప్పుడు ఊరంతా ఎక్కి తలదాచుకునే కట్టడం, మామూలు రోజుల్లో వలలు ఆరేసుకుంటారు. సాయంత్రం పని ముగించుకుని పదిహేను మంది దాకా ఆడవాళ్ళు వచ్చి చాపల మీద కూర్చున్నారు. నాంచారి వాళ్ళ ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. గట్టి మొహం, చురుకైన కళ్ళు. ఇందుమతి నన్ను పరిచయం చేసింది.

"బాగున్నావా నాంచారీ!" అన్నాను. మామూలుగా అనలేదు. వెనక బెంచీ పిల్లలకు వినపడేలా గొంతెత్తి అరిచాను.

నాంచారి నన్ను చూసి, ఇందుమతి వైపు తిరిగి చేతుల్తో ఏదో అడిగింది. గదంతా ఒక్కసారి నవ్వింది.

"ఏమంటోంది?"

"చెవుడు నీకా తనకా అని అడుగుతోంది," అంది ఇందుమతి.

అక్కడ నేర్చుకునేది నాంచారి కాదు. ఆమెకు తన భాష ఎప్పుడో వచ్చు. నేర్చుకునేది చెవులున్న ఊరు. నాంచారి చెబుతుంటే ఇందుమతి అర్థం వివరిస్తుంది, ఆడవాళ్ళు చేతులు తిప్పుతారు, తప్పయితే నాంచారి వచ్చి వాళ్ళ వేళ్ళు పట్టుకుని సరిచేస్తుంది. నన్నూ కూర్చోబెట్టి నాలుగు మాటలు నేర్పారు. 'రేపు', 'ఇసుక', 'రా'. నాలుగోది 'అంతే'. దానికి మాత్రం ఆ ఊరివాళ్ళే ఒక గుర్తు పెట్టుకున్నారు, చేపల పని అయ్యాక పొలుసు దులుపుకున్నట్టు రెండు అరచేతులూ దులపడం. నావి సుద్దముక్క పట్టిన వేళ్ళు, వంగనంటాయి. నాంచారి విసుక్కోకుండా మళ్ళీమళ్ళీ వంచింది. ఏళ్ళ తరబడి పిల్లల్ని విసుక్కున్నదాన్ని, ఆ ఓపికకు లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

అందర్లోకీ బాగా వచ్చింది తిరపతమ్మకే. సంత నుంచి వస్తూ ఆటో బోల్తాపడి ఎండుచేపలన్నీ కాలవలో తేలిన కథను ఒక్క మాట పైకి అనకుండా చేతుల్తో చెప్పింది. నాకే సగం అర్థమైంది. నాంచారి కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వింది.

మెట్లు దిగుతుంటే ఇందుమతి నెమ్మదిగా అంది. "నాంచారి చోటు ఉన్నది తిరపతమ్మ దగ్గరే."

నేను తిన్న కూర, వేసుకున్న చెప్పులు రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. "మరి ఆమె ఈ బడికి ఎందుకొస్తోంది?"

"మొదట నాంచారి తన మీద ఏం చెబుతోందో కనిపెడదామని వచ్చింది. తర్వాత మానలేకపోయింది. మాటలంటే పిచ్చి కదా ఆమెకి, కొత్త రకం మాటలు దొరికాయి."

"రేపు సభలో 'నాకేం అర్థం కాలేదు' అంటే?"

"అంటే అంతే. చోటు ఆమెది."

"నువ్వు ఉన్నావు కదే! నువ్వు అర్థం చెప్పు."

"చెప్పను."

అక్కడే, మెట్ల మీదే మేమిద్దరం పోట్లాడుకున్నాం. ఒక పిల్ల బతుకుదెరువు పోతుంటే పంతమేమిటని నేను. ఇందుమతి కోపం తెచ్చుకోలేదు. "నేను చెబితే ఊరు నా మాట వింటుంది పద్మా. పట్నం టీచరు చెప్పిందని చోటు ఇచ్చేస్తారు కూడా. సోమవారం నేను వెళ్ళిపోతాను. మంగళవారం నుంచి నాంచారి మళ్ళీ ఎవరికీ తెలియని మనిషే." అయినా నేను ఒప్పుకోలేదు. సదస్సులో శాంతి గురించి మాట్లాడినంత తేలిగ్గా లేదు ఇది.

చేపల పాట పాడే పాకలో

ఆదివారం పొద్దున చేపల వేలంపాట ముగిశాక అదే పాకలో సభ. నేలంతా తడి ఇసుక, పొలుసులు. ఊరి పెద్ద రాఘవులుగారు సన్నగా, పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, తిరగేసిన గంప మీద కూర్చున్నారు.

మొదట అన్నదమ్ములిద్దరి వల తగాదా. తమ్ముడు చెప్పాడు, అన్న జవాబందుకోబోయాడు. "ముందు వాడి మాట చెప్పు," అన్నారు పెద్దాయన. అన్న పళ్ళు నూరుకుంటూ తమ్ముడి మాట తిరిగి చెప్పాడు. ఒకటి వదిలేశాడు, తమ్ముడు తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ చెప్పాడు. ముగిసేసరికి అన్న గొంతు సగం దిగిపోయింది. కాసేపటికి ఇద్దరూ ఒకే బీడీ కాలుస్తూ బయట నిలబడ్డారు.

తర్వాత నాంచారి లేచింది. కొండలు వెనకే ఉన్నాడు గానీ ముందుకు రాలేదు. ఇందుమతి పాక చివర నా పక్కన కూర్చుని రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. వాటిని అలా కట్టేసుకోకపోతే వాటంతటవే కదిలేవేమో.

నాంచారి తొందరపడకుండా చెప్పింది. వేళ్ళు, భుజాలు, కనుబొమ్మలు అన్నీ చెప్పాయి. మగవాళ్ళు ఇబ్బందిగా కదిలారు. మేడ మీద బడికొచ్చిన ఆడవాళ్ళు మాత్రం కదలకుండా చూస్తున్నారు. ఒక చోట వాళ్ళలో ఇద్దరు ఒక్కసారిగా తిరపతమ్మ వైపు తిరిగారు. నాంచారి చెప్పడం ముగించి నిలబడింది.

"తిరపతమ్మా," అన్నారు పెద్దాయన. "ఆ పిల్ల చెప్పింది నీకు తెలిసిందా?"

నేను చూసినప్పటి నుంచి తిరపతమ్మ నోరు అంతసేపు ఊరికే ఉండడం అదే మొదలు. ఒక్క 'లేదండీ' అంటే చాలు, ఆ మెరక ఇసుక ఆమెదే. ఆమెను ఎవరూ తప్పుపట్టలేరు కూడా.

"తెలిసిందండీ," అంది.

పాకలో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయన చెయ్యెత్తారు. "అయితే ముందు ఆమె మాట చెప్పు. చేత్తో చెప్పు, ఆ పిల్లకి తెలియాలి. నోటితో చెప్పు, మాకు తెలియాలి."

తిరపతమ్మ నాంచారికి ఎదురుగా నిలబడింది. చేతులతో చెబుతూ, ఒక్కో మాటా పైకి అంటూ వచ్చింది. "ఆ రోజు కుళాయి కాడ ఇద్దరం ఉన్నామంటోంది. మైకాటో వచ్చిందంటోంది. అందరూ తలలు తిప్పి చూశారంట. ఏంటది అని నన్ను చేత్తో అడిగిందంట..."

అక్కడ నోరు ఆగింది. చేతులు ఆగలేదు. చేతులు చెప్పాల్సింది చెప్పేసి కిందికి దిగాయి. నా పక్కన ఇందుమతి కొంగు లోపల చేతులు కదిలాయి.

"అయిందాండీ," అంది తిరపతమ్మ పెద్దాయనతో.

పెద్దాయన నాంచారి వైపు చూశారు. నాంచారి అరచేతులు దులపలేదు. ఆమెకు తిరపతమ్మ గొంతు వినపడదు, కానీ తిరపతమ్మ చేతుల కన్నా పెదవుల్నే ఎక్కువగా చూస్తూ ఉంది. చూపుడు వేలు చాపి తిరపతమ్మ నోటి వైపు చూపించింది. అదీ చెప్పాలి అన్నట్టు. వేలు దించలేదు.

సముద్రం మీది నుంచి గాలి వచ్చి పాక తాటాకులు కొట్టుకున్నాయి. తిరపతమ్మ మెడ దగ్గర చెమట తుడుచుకుంది. నాకు ఆమెను చూస్తే భయం వేసింది, జాలి వేసింది. ఆమె చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.

"ఏంటది అని అడిగిందంట," అంది చివరికి. "ఏం లేదని చెయ్యి తిప్పానంటోంది." నాంచారి వేలి వైపు చూసింది. "తిప్పానండీ. తిప్పాను."

అప్పుడు నాంచారి రెండు అరచేతులూ దులిపింది.

"ఇప్పుడు నీ జవాబు చెప్పు," అన్నారు పెద్దాయన.

"నా చోటు పల్లమండీ. చినుకు పడితే నీళ్ళు నిలుస్తాయి. ఆ ముందేడు సరుకంతా పురుగు పట్టిపోయింది. ఆ రోజు... చెప్పబుద్ధి కాలేదండీ. వేరే జవాబు లేదు."

ఈ జవాబును కూడా ఆమె చేతుల్తో చెబుతూనే ఉంది, ఎవరూ చెప్పమనకుండానే. నాంచారి మొత్తం చూసింది.

పెద్దాయన, నాంచారి చోటు నాంచారిదే అన్నారు. పల్లం చోటుకు ఈ వారంలో ఇంటికో మనిషి వచ్చి ఇసుక ఎత్తి మెరక చెయ్యాలన్నారు. "ఏడాదిగా ఈ పిల్ల చెబుతూనే ఉంది. వినలేకపోయింది మనమే," అని లేచారు. తిరపతమ్మ ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బడికీ రాలేదు, పంపుతానన్న కూర గిన్నె కూడా రాలేదు. ఎందుకోగాని రెండోదానికే ఎక్కువ బాధ కలిగింది నాకు.

సోమవారం పొద్దున

పంటుకు బయల్దేరే ముందు చెప్పులు తిరిగిచ్చేద్దామని చేత్తో పట్టుకుని వెళ్ళాను. ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. అంతలో వీధి చివర మైకాటో వినిపించింది. రేపు పొద్దున ఇసుక మీద చోట్ల పంపకం, అందరూ రావాలహో అని.

కుళాయి దగ్గరికి వెళ్ళాను. తిరపతమ్మ బిందె కుళాయి కింద ఉంది, నిండి పొర్లిపోతోంది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళవి. ఆమె లేదు. చుట్టూ చూస్తే నాంచారి ఇంటి గుమ్మం వైపు తిరపతమ్మ వెళ్తూ కనిపించింది.

నాంచారి వీధికి వీపు పెట్టి కూర్చుని చేపలు కోస్తోంది. వెనక నుంచి పిలిస్తే ఏం లాభం? తిరపతమ్మ చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడింది. నాంచారి కత్తిపీట మీది నుంచి తలెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తిరపతమ్మ చేతులెత్తింది.

రేపు. ఇసుక. రా.

మూడూ నాకు తెలిసిన మాటలే. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోను. విజయవాడ సభలో నేను గంటసేపు వెతికినది ఆ మూడు మాటల్లో నా ఎదురుగా ఉంది. నన్ను అక్కడిదాకా లాక్కొచ్చిన ఇందుమతికి, మొద్దు వేళ్ళను వంచి ఆ మాటలు నేర్పిన నాంచారికి నేను ఎంత రుణపడ్డానో అప్పుడు తెలిసింది.

నాంచారి చేతులు తుడుచుకుంది. తిరపతమ్మ వైపే చూస్తూ, ఒక్కొక్కటిగా తిరిగి చెప్పింది. రేపు. ఇసుక. రా.

తిరపతమ్మ చివరిదాకా చూసి, రెండు అరచేతులూ దులిపింది.

తర్వాత ఇటు తిరిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలో నిలబడ్డ నన్ను చూసింది. "అవి మీరే వేసుకెళ్ళండి మేడంగారూ. రేవు కాడ బురదుంటది," అంది. ఇంతలో బిందె పొర్లిపోతోందని ఎవరో కేకేశారు. అమ్మో నా నీళ్ళు అంటూ కుళాయి వైపు పరుగెత్తింది, ఒట్టి కాళ్ళతో.

నేను చెప్పులు కింద పెట్టి వేసుకున్నాను.